ముందు మీ అన్నయ్యగారి సంగతి చూడండి, మాస్టారూ

ప్రశ్న: నా వయసు 66. గజపతి జిల్లాలో తెలుగు టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. పర్లాకిమిడిలో ఉంటున్నాం. రెండేళ్లుగా రాత్రిపూట నాలుగైదుసార్లు లేవాల్సి వస్తోంది. ఒంటికి వెళ్తే వెంటనే రాదు, కాసేపు అలా నిలబడాలి. ధార సన్నగా, ఆగి ఆగి వస్తుంది. అయిపోయిందనుకుని వచ్చేస్తే పంచె మీద చుక్కలు పడతాయి. స్కానింగులో ‘గ్రేడ్ 2 ప్రోస్టాటోమెగలీ, 46 గ్రాములు’ అని, అంటే ప్రోస్టేట్ గ్రంథి పెరిగిందని, మూత్రం పోసుకున్నాక లోపల 60 మి.లీ. మిగిలిందని రాశారు. పి.ఎస్.ఎ. (ప్రోస్టేట్ కోసం చేసే రక్తపరీక్ష) 2.8, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) 0.9. షుగరు లేదు, బి.పి.కి మాత్ర వేసుకుంటాను. డాక్టరుగారు మలద్వారంలోంచి వేలితో పరీక్ష చేసి గట్టిగా ఏమీ లేదన్నారు, టామ్సులోసిన్ 0.4 రాశారు. పొద్దున్నే బి.పి. మాత్రతో పాటు వేసుకుంటే కళ్లు తిరిగాయి, పది రోజులకి మానేశాను. మొన్న చలికాలంలో జలుబుకి మందుల షాపులో మాత్ర తెచ్చుకుని వేసుకున్న రాత్రి, తెల్లారేదాకా చుక్క రాలేదు. ప్రాణం పోయినంత పనైంది. అప్పట్నుంచి బస్సెక్కాలంటే భయం, పెళ్లిళ్లకి కూడా మానేశాను. సాయంత్రం ఆరు దాటితే నీళ్లు ముట్టను. పల్లేరు కాయల కషాయం తాగుతున్నాను. ఇది క్యాన్సర్‌కి మొదలని ఒకరు, ఆపరేషన్ చేయిస్తే మగతనం పోతుందని ఇంకొకరు భయపెడుతున్నారు. వచ్చే నెల కంటి శుక్లం ఆపరేషన్ కూడా ఉంది. ఏం చేయమంటారు?

ఇంకో మాట. మా అన్నయ్యకి 74. కాశీనగరం దగ్గర పల్లెలో ఉంటాడు. ఆయనకి నాలా బిగుసుకుపోవడం లేదు, దానంతటదే పోతూనే ఉంటుంది. రాత్రి పక్క తడుస్తోంది. ఆకలి లేదు, కాళ్లు వాచాయి. క్రియాటినిన్ 3.4 ఉందిట. మా వదిన వాళ్లది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. మామగారి జీడితోటలో అన్నయ్య చాలా ఏళ్లు పనిచేశాడు. అందుకని ‘ఉద్దానం కిడ్నీ జబ్బే’ అని అందరూ తేల్చేశారు. మూత్రం సాఫీగా పోవాలని రోజూ బార్లీ నీళ్లు పట్టిస్తున్నారు.

— ఒక పాఠకుడు, పర్లాకిమిడి

సమాధానం: మాస్టారూ, మీ గురించి ఇంత వివరంగా రాసి, అన్నయ్యగారి గురించి ‘ఇంకో మాట’ అంటూ చివర్లో నాలుగు ముక్కలు రాశారు. నాకు టెన్షన్ పెట్టినవి ఆ నాలుగు ముక్కలే. మీ బాధ విసిగించే బాధ, దానికి వ్యవధి ఉంది. ఆయనకి లేదు. కాబట్టి ఆయన దగ్గర్నుంచే మొదలుపెడతాను.

‘పోతూనే ఉంది కదా, ఇంక అడ్డం ఎక్కడుంది’ అనుకుంటున్నారు మీ ఇంట్లోవాళ్లు. అలా అనుకోవడం సహజమే. కానీ 74 ఏళ్ల మగమనిషికి తెలియకుండా మూత్రం పోతోందంటే, రాత్రి పక్క తడుస్తోందంటే, మూత్రాశయం నిండిపోయి పొర్లుతోందేమోనని ముందు అనుమానించాలి. మామూలుగా మూత్రాశయంలో 400, 500 మి.లీ. చేరేసరికి మనిషి ఆగలేడు. ప్రోస్టేట్ గ్రంథి ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా దారి మూస్తూ వస్తే మూత్రాశయం సాగిపోయి, లీటరు, అంతకన్నా ఎక్కువ కూడా పట్టుకుని ఊరుకుంటుంది. నెమ్మదిగా సాగింది కనక నొప్పి తెలియదు. ఆ రాత్రి మీరు విలవిల్లాడారు, మీ అన్నయ్యగారు హాయిగా పడుకుంటున్నారు. ఈ రెంటిలో ప్రమాదకరమైనది ఆయనదే. నిండిన మూత్రాశయం ఒత్తిడి పైకి తన్ని కిడ్నీలు ఉబ్బుతాయి, పని తగ్గిస్తాయి. క్రియాటినిన్ పెరగడం, ఆకలి చచ్చిపోవడం, కాళ్ల వాపు అన్నీ దానివల్ల కూడా రావచ్చు.

ఇవాళే ఒక పని చేయండి. ఆయన ఒంటికి వెళ్లి వచ్చిన వెంటనే వెల్లకిలా పడుకోబెట్టి, బొడ్డుకీ దాని కింది ఎముకకీ మధ్య అరచెయ్యి వేసి మెల్లగా ఒత్తి చూడండి. అప్పుడే మూత్రం పోసుకుని వచ్చిన మనిషికి అక్కడ మెత్తగా ఉండాలి. గుండ్రంగా, బిగువుగా ఏదైనా చేతికి తగిలితే, ఒత్తినప్పుడు పక్క తడిస్తే, అనుమానం మరీ బలపడినట్టే. తగలకపోయినంత మాత్రాన ఏమీ లేదనుకోకండి. పొట్ట లావుగా ఉన్నవాళ్లలో చేతికి దొరకదు. స్కానింగు ఎలాగూ కావాలి.

ఉద్దానం సంగతి. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, పలాస పేర్లు వింటేనే మన సరిహద్దు ఊళ్లలో కిడ్నీ గుర్తొస్తుంది. వీధిలో ఇద్దరు డయాలసిస్‌కి వెళ్లడం చూసిన కుటుంబం క్రియాటినిన్ 3.4 అనగానే ఇంకేం ఆలోచిస్తుంది? ఆ జబ్బు నిజం. దానికి కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మొదలైంది కూడా అందుకే. అయితే ఉద్దానం పేరు ఎంతగా పాకిందంటే, ఈ పక్క ఎవరి క్రియాటినిన్ పెరిగినా ఆ ఖాతాలో వేసేస్తున్నారు. ఇది నాకు నచ్చని అలవాటు. ఆ జబ్బులో కిడ్నీలు ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా పాడై, చివరికి సాధారణంగా చిన్నవైపోతాయి. దారి మూసుకుపోతే వచ్చే జబ్బులో మూత్రం వెనక్కి నిలిచి కిడ్నీలు ఉబ్బి కనిపిస్తాయి. ఈ తేడా ఒక్క అల్ట్రాసౌండు స్కానింగుతో చాలావరకు తెలిసిపోతుంది. మొదటిది వెనక్కి రాదు. రెండోదాంట్లో దారి తెరిస్తే క్రియాటినిన్ చాలామందికి దిగుతుంది, ఆలస్యం చేయనివాళ్లకి బాగా దిగుతుంది. అందుకే డయాలసిస్ మాట ఎత్తేముందు ఆ స్కానింగు రిపోర్టు చేతిలో ఉండాలి.

ఎల్లుండీ ఆవలెల్లుండీ అనకుండా ఆయన్ని పర్లాకిమిడి జిల్లా ఆసుపత్రికి తీసుకురండి. ‘క్రియాటినిన్ 3.4, తెలియకుండా మూత్రం పోతోంది, మూత్రాశయం నిండి ఉందేమో చూడండి’ అని చెప్పండి, ఆ ఒక్క వాక్యం చాలు. మూత్రాశయం నిండి ఉంటే మూత్రం తీయడానికి పైపు వేస్తారు. ఈ పైపు మాత్రం ఊళ్లో తెలిసిన కాంపౌండరు చేత ఇంట్లో వేయించకండి. చాలాకాలం అడ్డుపడిన కిడ్నీలు దారి దొరకగానే ఒక్కోసారి రోజుకి నాలుగైదు లీటర్లు కుమ్మరిస్తాయి. ఒంట్లో నీరు, ఉప్పు, పొటాషియం తారుమారై మనిషి పడిపోతాడు. అందుకని రెండు మూడు రోజులు ఆసుపత్రిలో ఉండి, వచ్చే మూత్రం కొలుస్తూ, రక్తపరీక్షలు చేస్తూ ఉండాలి. మొదట కొంచెం ఎర్రగా వచ్చినా హడలిపోకండి, అది సాధారణంగా సర్దుకుంటుంది.

క్రియాటినిన్ దిగేదాకా పైపు ఉంచి, తర్వాత బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీకి గానీ విశాఖ కె.జి.హెచ్.కి గానీ తీసుకెళ్లి యూరాలజీ డాక్టరుకి చూపించండి. ఇక్కడిదాకా వచ్చినవాళ్లకి మాత్రలతో కాలక్షేపం చేయరు, ఆపరేషనే మార్గం. ఖర్చు విషయానికొస్తే, 70 నిండినవాళ్లకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏడాదికి 5 లక్షల దాకా ఆయుష్మాన్ కార్డు ఉంది. ఒడిశా 2025లో ఆ పథకంలో చేరింది. ఆయన ఆధార్ వెంట ఉంచుకోండి. పథకంలో నమోదైన ఆసుపత్రుల్లో రాష్ట్రం దాటినా కార్డు చెల్లుతుంది, కాకపోతే బయల్దేరే ముందే అక్కడి ఆయుష్మాన్ డెస్కులో కనుక్కోండి. ఈలోగా ఆ బార్లీ నీళ్లు ఆపేయండి. దారి మూసుకున్నప్పుడు మూత్రం ఇంకా ఎక్కువ తయారుచేయించడం వల్ల ఒరిగేది లేదు. మోకాళ్ల నొప్పికని డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు వాడుతుంటే అవీ ఆపాలి, అవి కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి.

ఇప్పుడు మీరు. మిమ్మల్ని భయపెట్టింది 46 గ్రాములు, గ్రేడ్ 2 అన్న మాటలు. కుర్రతనంలో ప్రోస్టేట్ ఇంచుమించు 20 గ్రాములుంటుంది. మూత్రాశయం కిందే, మూత్రనాళం చుట్టూ ఉంటుంది. వయసుతో పాటు పెరుగుతుంది. 60 దాటిన మగవాళ్లలో సగం మందికి ఎంతో కొంత పెరిగే ఉంటుంది. అయితే గ్రంథి బరువుకీ బాధకీ నేరుగా లెక్క కుదరదు. 80 గ్రాములున్నా నిద్ర చెడనివాళ్లున్నారు. 30 గ్రాములే ఉన్నా, లోపలివైపు పెరిగి దారి నొక్కేయడంతో పైపు దాకా వెళ్లినవాళ్లూ ఉన్నారు. అందుకే గ్రేడు చూసి వైద్యం నిర్ణయించరు. మూడు సంగతులు చూస్తారు: మూత్రం పోసుకున్నాక లోపల ఎంత మిగులుతోంది, కిడ్నీలు ఎలా ఉన్నాయి, మీకు ఎంత ఇబ్బందిగా ఉంది. లోపల 50 మి.లీ. దాకా మిగలడం మామూలే. మీకు 60 అంటే కంగారు లేదు. 300 దాటితే అప్పుడు మూత్రం నిలిచిపోతోందని లెక్క. మీ క్రియాటినిన్ బావుంది. కాబట్టి ఈ రోజుకి మీ జబ్బు మీ నిద్రనీ మీ ప్రయాణాలనీ పాడుచేస్తోందే తప్ప మీ కిడ్నీల జోలికి పోలేదు.

ఆ జలుబు రాత్రి ఏమైందో మీరే రాశారు, కలిపి చూసుకోలేదంతే. షాపుల్లో ఇచ్చే జలుబు మాత్రల్లో చాలావాటిలో ఫినైలెఫ్రిన్, క్లోర్‌ఫెనిరమిన్ అనే రెండు మందులుంటాయి. మొదటిది ముక్కుదిబ్బడ తగ్గించడంతో పాటు మూత్రాశయం మెడ దగ్గరి కండరాన్ని బిగిస్తుంది. రెండోది మూత్రాశయం ముడుచుకునే బలాన్ని తగ్గిస్తుంది. అప్పటికే సగం మూసుకున్న దారికి ఈ రెండూ చాలు. ఇకమీదట జలుబు చేస్తే ఆవిరి పట్టండి, ఉప్పునీటి ముక్కు చుక్కలు వేసుకోండి, జ్వరముంటే ఉత్త పారాసిటమాల్ వేసుకోండి. షాపతను ఏది ఇచ్చినా ‘నాకు ప్రోస్టేట్ ఉంది’ అని ముందే చెప్పండి. దగ్గు సిరప్పులకీ, కడుపునొప్పికీ నిద్రకీ ఇచ్చే కొన్ని మాత్రలకీ ఇదే జాగ్రత్త.

టామ్సులోసిన్ సరిగ్గా ఆ మెడ కండరాన్నే వదులు చేస్తుంది. రెండు మూడు రోజుల్లోనే తేడా తెలియడం మొదలవుతుంది, కొందరికి రెండు మూడు వారాలు పడుతుంది. మీరు మానేసిన మందు మంచిదే, వేసుకున్న వేళే కుదరలేదు. పొద్దున్న బి.పి. మాత్రతో కలిపితే రెండూ కలిసి రక్తపోటు దించాయి, కళ్లు తిరిగాయి. మీ డాక్టరుతో చెప్పి, రాత్రి భోంచేసిన అరగంటకి వేసుకోవడానికి ఒప్పించుకోండి. ఖాళీ కడుపున వద్దు. రాత్రి లేచినప్పుడు ఒక్కసారిగా నిలబడకుండా మంచం అంచున ఒక నిమిషం కూర్చుని లేవండి. అప్పటికీ కళ్లు తిరిగితే వేరే మందులున్నాయి. గ్రంథి 40 దాటింది, ఒకసారి బిగుసుకుపోయింది కూడా. కాబట్టి డ్యూటాస్టెరైడ్ కలపాలా అని డాక్టరుని అడగండి. అది గ్రంథిని సుమారు నాలుగో వంతు కుదిస్తుంది, మళ్లీ బిగుసుకుపోయే ముప్పునీ ఆపరేషన్ అవసరాన్నీ సగానికి తగ్గిస్తుంది. కాకపోతే ఆర్నెల్లు ఓపిక పట్టాలి. కొద్దిమందికి కోరిక తగ్గుతుంది. ఇంట్లో గర్భిణి ఉంటే ఆ మాత్రలు ఆమె చేతికి తగలకుండా చూడండి. ఇంకో మెలిక: ఆ మందు పి.ఎస్.ఎ.ని సగానికి దించేస్తుంది. ఆర్నెల్ల తర్వాత రిపోర్టులో ఎంత వచ్చినా దాన్ని రెట్టింపు చేసి చూడాలి. ఈ మాట పరీక్ష రాసే ప్రతి డాక్టరుకీ మీరే గుర్తుచేయాలి.

రాత్రి నాలుగైదుసార్లు లేవడం మొత్తం ప్రోస్టేట్ నెత్తినే వేయకండి. ఒక ప్లాస్టిక్ కొలత మగ్గు కొని బాత్రూంలో పెట్టుకుని, మూడు రోజులపాటు ఎన్నింటికి ఎంత పోసుకున్నారో పాత డైరీలో రాయండి. పడుకున్నాక పోసుకున్నదీ, పొద్దున లేవగానే పోసుకున్నదీ కలిపి రోజు మొత్తంలో మూడో వంతు దాటితే, రాత్రిపూట మీ ఒంట్లో మూత్రమే ఎక్కువ తయారవుతోందని అర్థం. దానికి టామ్సులోసిన్ ఏం చేస్తుంది? కొన్ని బి.పి. మాత్రల వల్ల పగలంతా కాళ్లలో నీరు చేరి, పడుకోగానే అది రక్తంలోకి వచ్చి మూత్రమవుతుంది. కొన్ని బి.పి. మాత్రలు మూత్రం ఎక్కువ పోయించేవే, వాటిని సాయంత్రం వేసుకుంటే రాత్రి జాగారమే. గురకపెట్టి నిద్రలో ఊపిరి ఆగేవాళ్లకీ ఇలా ఉంటుంది. ఆ డైరీ పేజీ పట్టుకెళ్తే డాక్టరుకి పది ప్రశ్నలు అడిగే పని తప్పుతుంది. దాంతోపాటు మరో ఏడు జవాబులు రాసుకెళ్లండి: పోసుకున్నాక ఇంకా ఉందనిపించడం, రెండు గంటల్లోపే మళ్లీ వెళ్లడం, ఆగి ఆగి రావడం, ఆపుకోలేకపోవడం, ధార సన్నగా ఉండడం, ముక్కాల్సి రావడం, ఈ ఆరూ గడిచిన నెలలో ఎంత తరచుగా జరిగాయో ఒక్కోదానికి 0 నుంచి 5 దాకా మార్కులు; రాత్రి లేచిన సార్లకి అదే అంకె, గరిష్ఠం 5. మొత్తం 35. ఏడు దాకా అయితే తేలిక, 8 నుంచి 19 మధ్యరకం, 20 గానీ ఆపైన గానీ అయితే తీవ్రం. మార్కులు వేయడం మీకు కొత్త కాదు, డాక్టరుగారి ముందు నోరు విప్పి చెప్పుకోలేని సిగ్గు కూడా దాంతో తప్పుతుంది.

నీళ్ల విషయంలో మీరు చేస్తున్నది నాకు నచ్చలేదు. ఆరింటి నుంచి తెల్లారేదాకా గొంతు ఎండబెట్టుకోనక్కర్లేదు. చిక్కటి మూత్రం మూత్రాశయాన్ని మండిస్తుంది, మలబద్ధకం తెస్తుంది, ఆ మలబద్ధకం మళ్లీ మూత్రాన్ని బిగిస్తుంది. రోజు మొత్తంలో లీటరున్నర, రెండు లీటర్లు పగటిపూటే తాగేసి, పడుకునే ముందు రెండు మూడు గంటలు మాత్రం తగ్గించండి. సాయంత్రం టీ, కాఫీ మానండి. పల్లేరు కషాయం తాగాలనిపిస్తే పొద్దున తాగండి, అది గ్రంథిని కరిగిస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. మీకు అలవాటు లేకపోవచ్చు గానీ, రాయగడ, కోరాపుట్ వైపు నుంచి చదివేవాళ్లకి ఇక్కడే చెప్తున్నా: సీజన్లో జీలుగు కల్లు తాగి, బస్సులో మూడు గంటలు ఆపుకుని కూర్చుంటే మూత్రం బిగుసుకుపోవడానికి అంతకంటే దగ్గరి దారి లేదు.

పంచె మీద పడే చుక్కలకి ఒక చిన్న కిటుకుంది. పోసుకున్నాక అర నిమిషం ఆగి మళ్లీ ఒకసారి ప్రయత్నించండి, కూర్చుని పోసుకుంటే ఇంకా మేలు. చివర్లో బీజాల సంచి వెనక భాగాన్ని రెండు వేళ్లతో పైకి నొక్కి ముందుకు నిమరండి. నాళంలో నిలిచిన నాలుగు చుక్కలూ అక్కడే పడిపోతాయి. విశాఖ వెళ్లాల్సి వస్తే బస్సు వద్దు, గుణుపూర్ ప్యాసింజరెక్కండి. ఆలస్యమైతే అయింది, బాత్రూం పక్కనే ఉంటుంది.

ఇది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారదు. రెండూ వేర్వేరు జబ్బులు, ఒకే గ్రంథిలో రెండూ ఉండే వీలు మాత్రం ఉంది. అందుకే వేలితో పరీక్ష, పి.ఎస్.ఎ. చేశారు. మీకు రెండూ నిమ్మళంగానే ఉన్నాయి.

ఆపరేషన్‌తో మగతనం పోతుందని మీకు ఒకరు చెప్పింది సగం పుకారు. టి.యు.ఆర్.పి. అనే ఆపరేషన్లో పొట్ట కోయరు. నడుముకి మత్తిచ్చి, మూత్రనాళంలోంచే పరికరం పంపి అడ్డం వచ్చిన భాగాన్ని తొలుస్తారు. రెండు మూడు రోజులు పైపు ఉంటుంది. లేజరుతో చేసే హోలెప్ పెద్ద గ్రంథులకి కూడా పనికొస్తుంది. అంగస్తంభన సాధారణంగా దెబ్బతినదు. మారేది ఏమిటంటే, మూడింట రెండొంతుల మందికి పైగా వీర్యం బయటికి రాకుండా వెనక్కి మూత్రాశయంలోకి పోతుంది. హాని లేదు, తర్వాత మూత్రంతో పోతుంది. టామ్సులోసిన్‌తో కూడా కొందరికి అలా అవుతుంది, మందు మానితే మామూలవుతుంది. ఇది ముందే తెలియని భర్త భయపడిపోతాడు, కాబట్టి ఇంట్లో మీ ఆవిడకి కూడా చెప్పండి. ఏమైనా ఆపరేషన్ మీకు ఇప్పుడే అక్కర్లేదు. మందులు వాడుతున్నా మళ్లీ బిగుసుకుపోతే, మాటిమాటికీ ఇన్ఫెక్షన్ వస్తే, మూత్రాశయంలో రాళ్లు చేరితే, గ్రంథి నుంచి రక్తం పోతూనే ఉంటే, కిడ్నీ మీద ప్రభావం కనిపిస్తే అప్పుడు ఆలోచించాలి. మూత్రంలో రక్తం ఒక్కసారే కనిపించి ఆగిపోయినా చూపించుకోండి, ప్రోస్టేట్ వల్లేలే అని ఇంట్లో మీరే తేల్చకండి. చలిజ్వరంతో మూత్రం మండినా, పొట్ట ఉబ్బి చుక్క రాకపోయినా తెల్లారేదాకా కూర్చోకుండా అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లండి.

ఇక కంటి ఆపరేషన్. టామ్సులోసిన్ వాడినవాళ్లకి ఆపరేషన్ సమయంలో కంటిపాప సరిగ్గా విప్పారదు, దాని చుట్టూ ఉండే పొర వదులైపోయి కంటి డాక్టరుకి పని కష్టమవుతుంది. ముందే తెలిస్తే వాళ్లు తగిన ఏర్పాట్లు చేసుకుంటారు. మీరు వాడింది పది రోజులే, మానేశారు కూడా. అయినా ఆ చీటీ కంటి డాక్టరుకి చూపించండి. మళ్లీ మొదలుపెట్టడం శుక్లం ఆపరేషన్ అయ్యాక పెట్టుకోవచ్చా అని ఇద్దరు డాక్టర్లనీ అడగండి. ఒక నెల ఆలస్యమైతే మీకు వచ్చే నష్టం పెద్దగా లేదు, ఆ జలుబు మాత్ర జోలికి మాత్రం పోకండి.